దమ్ము రోజుల్లో దెబ్బ తగిలితే: మట్టి పడిన గాయాన్ని మూయకండి

రోటవేటర్ పళ్లకు పిక్క చీరుకుపోయిన ఒక రైతును మొన్న మేము పనిచేసే ఆసుపత్రికి మూడో రోజున తీసుకొచ్చారు. గాయం నిండా కాఫీ పొడి, దాని మీద బిగించిన కట్టు. మూత్రం డికాషన్ రంగులో వస్తోంది. అది గ్యాస్ గాంగ్రీన్, అంటే గాయంలో కండరం చచ్చిపోయే జబ్బు. ప్రాణం దక్కించడానికి కాలు తొడ దగ్గర తీసేయాల్సి వచ్చింది. నాట్లు ముగిసేదాకా ఇలాంటివి వస్తూనే ఉంటాయి. యంత్రం ఆపి చెయ్యి పెట్టండి, బూట్లు వేసుకోండి అని మీకు చెప్పనక్కర్లేదు. చెప్పవలసింది ఒక్కటే: మట్టి పడిన లోతు గాయాన్ని మూయకండి.

పొలం మట్టిలో, పేడలో క్లోస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా విత్తులాగా నిద్రపోతూ ఉంటుంది. బాగా గాలి తగిలేచోట అది పెరగదు. నలిగి, రక్తం అందని కండరం మీద మూత కూడా పడితే దానికి అంతకు మించిన చోటు లేదు. అనుకూలిస్తే 10 నిమిషాల లోపే రెట్టింపవుతుంది, ఆల్ఫా టాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. ఆ విషం నిజానికి ఒక ఎంజైము అని మాక్‌ఫార్లేన్, నైట్ అనే శాస్త్రవేత్తలు 1941లో తేల్చారు. ఎర్ర రక్తకణాన్ని కప్పి ఉంచే పొర బయటి వరుసలో లెసిథిన్ అనే కొవ్వు ఎక్కువ. ఎంజైము సరిగ్గా దాన్నే రెండుగా కోస్తుంది. కణానికి కేంద్రకం లేదు, కొత్త కొవ్వు తయారుచేసుకుని పొరను బాగుచేసుకునే దారీ లేదు. అది పగిలితే లోపలి హిమోగ్లోబిన్ రక్తంలో కలిసి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రం నల్లబడేది అందుకే. కండర కణాల పొరలకూ ఇదే గతి.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్, బెల్జియంలలో పేడ ఎరువు వేసిన పొలాల్లోనే కందకాలు తవ్వుకున్నారు. చచ్చిన కండరాన్ని కోసి తీసేసి, గాయాన్ని కొన్నాళ్లు తెరిచే ఉంచాలని అక్కడి సర్జన్లు ఎన్నో కాళ్లు పోయాక గాని నేర్చుకోలేదు. మనం మాత్రం ఇంకా పసుపు కూరుతున్నాం.

దెబ్బ తగలగానే ధారగా పోసే శుభ్రమైన నీటితో, చాలాసేపు కడగండి. రక్తం ఆగకపోతే ఉతికిన గుడ్డతో నొక్కి పట్టుకోండి. నొక్కి పట్టుకోవడం వేరు, పూడ్చడం వేరు. పైన పలుచని గుడ్డ వదులుగా కప్పి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. కుట్లు వేయమని డాక్టరు మీద ఒత్తిడి తేకండి. ‘ముందు శుభ్రం చేస్తాను, నాలుగు రోజుల తర్వాత కుడతాను’ అంటే ఆయన పని తెలిసినవాడని అర్థం.

టీటీ వేయించాం కదా అంటారు. అది ధనుర్వాతానికి. దీనికి మనుషులకు టీకా లేదు.

కాఫీ పొడి వద్దు. పసుపు వద్దు. పేడ, బూడిద, ఆకు పసరు వద్దు. తాడు బిగించవద్దు. గాయం చిన్నగా కనబడినా లోతు ఉంటే లోతైనదే. మధుమేహం ఉన్నవాళ్లు ఒక్క పూట కూడా ఆగకండి. గాయానికి తగనంత నొప్పి ఉంటే, అది గంటగంటకూ పెరుగుతుంటే, కట్టు విప్పి చూడండి. ఆర్ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షను వేయించుకుని పడుకోవద్దు, నొప్పి తగ్గుతుంది గాని జబ్బు నడుస్తూనే ఉంటుంది. చర్మం రాగి రంగుకు తిరిగినా, నొక్కితే చిటపటమన్నా, దుర్వాసనతో నీరు కారినా, జ్వరం తక్కువగానే ఉండి గుండె దడదడలాడినా తెల్లారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి, సర్జన్ ఉన్న ఆసుపత్రికే వెళ్లండి, గాయంలో మట్టి పడిందని వెళ్లగానే చెప్పండి. దారిలో ఎవరు ఏ పొడి ఇచ్చినా గాయాన్ని మూయనివ్వకండి.