పార్కులో ప్లగ్ లేకపోయినా అన్నం ఉడకాలంటే

ముందు బ్యాటరీ కొనకండి. ఆర్‌వీలో, అంటే వంటగట్టూ పడకా ఉన్న ఇల్లులాంటి బండిలో, కరెంటు చాలడం లేదనిపించగానే ఇక్కడ అమెరికాలోని మనవాళ్ళు చేసే మొదటి పని ఆన్‌లైన్‌లో లిథియం బ్యాటరీకి ఆర్డరివ్వడం. అది ఇంటికొచ్చాక తెలుస్తుంది, బయటి కరెంటుని 12 వోల్టులుగా మార్చి బ్యాటరీకిచ్చే బండిలోని పాత కన్వర్టర్ దాన్ని నిండా ఛార్జ్ చేయలేదని, వంటగట్టు మీది సాకెట్‌కి అసలు బ్యాటరీతో సంబంధమే లేదని. పని వరుస ఇలా ఉండాలి: మొదట లెక్క, తర్వాత సాకెట్లు, ఆపైన కేబుళ్ళూ ఫ్యూజులూ. బ్యాటరీ ఆఖర్న.

మాది ఫోర్డ్ ఈ-450 ఛాసిస్ మీద కట్టిన పాత క్లాస్ సి బండి. డాలస్ దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. అందులో వచ్చింది ఒక్క 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఎక్కడో మూలల్లో నాలుగైదు సాకెట్లు. బ్రెడ్డు, బర్గరు తినేవాళ్ళకి చాలేమో. మాకు మధ్యాహ్నం కుక్కర్ పెట్టాలి, మా ఆవిడ చిన్న గ్రైండర్ లేనిదే బండి ఎక్కదు, రాత్రి మా నాన్నగారి సీపాప్ మెషిన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపేది) తెల్లవార్లూ ఆడాలి. మేం పోయే చోట్లలో చాలావాటిలో బండికి కరెంటు తగిలించుకునే ఏర్పాటు, అంటే హుకప్, ఉండదు. ఎల్లోస్టోన్ మొత్తంలో హుకప్ ఉన్నది ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్క్ ఒక్కటే. గ్రాండ్ కాన్యన్ మేథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో హుకప్ లేదు, రాత్రిపూట జనరేటర్ వేయనివ్వరు.

లెక్క

కాగితం మీద ఏ వస్తువు రోజుకి ఎంతసేపు నడుస్తుందో రాయండి. వాట్లని గంటలతో గుణిస్తే వాట్-అవర్లు. మా కాగితం ఇది. మూడు కప్పుల రైస్ కుక్కర్ 400 వాట్లు, పాతిక నిమిషాలు: 170. గ్రైండర్ 150 వాట్లు, అరగంట: 75. సీపాప్‌లో నీళ్ళు వేడిచేసే భాగం ఆపేస్తే రాత్రికి 300. బండిని వెచ్చగా ఉంచే ఫర్నేస్ గ్యాస్‌తో మండినా దాని ఫ్యాన్ 12 వోల్టుల మీద ఏడు యాంపులు లాగుతుంది. ఎనిమిది గంటల చలిరాత్రిలో సగంసేపు తిరిగినా 350. లైట్లు, నీళ్ళ పంపు ఓ వంద, ఫోన్లూ లాప్‌టాపూ రెండొందలు. మొత్తం 1200కి కాస్త అటూ ఇటూ. బ్యాటరీ 12 వోల్టులని 120గా మార్చే ఇన్వర్టర్ తనకోసం మింగే పది పదిహేను శాతం దీనికి అదనం.

వంద యాంప్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో కాగితం మీద 1200 వాట్-అవర్లు (100 × 12 వోల్టులు) ఉంటాయి. కానీ మాటిమాటికీ సగం కంటే కిందికి దించితే అది తొందరగా పోతుంది. అంటే మీకు దక్కేది 600.

పైకప్పు మీది ఏసీని ఈ లెక్కలో కలపకండి. 13,500 బీటీయూల ఏసీ సుమారు 1500 వాట్లు లాగుతుంది. రెండు లిథియం బ్యాటరీలున్నా రెండు గంటలు రావు. టెక్సస్ ఆగస్టులో ఏసీ కావాలంటే హుకప్ ఉన్న చోటే బుక్ చేసుకోండి. అన్నట్టు, ఇండియా నుంచి మోసుకొచ్చిన 230 వోల్టుల మిక్సీని ఇంట్లోనే ఉంచండి, బండిలోకి తేకండి. ఇక్కడి షాపుల్లో 110 వోల్టుల మోడల్ దొరుకుతుంది, అది చాలు.

సాకెట్లు

సాకెట్లు పెరిగినంత మాత్రాన కరెంటు పెరగదు. 30 యాంపుల బండికి పార్కులో వచ్చేది 120 వోల్టులు, మొత్తం 3600 వాట్లు. ఏసీ, మైక్రోవేవ్, ఇండక్షన్ పొయ్యి మూడూ ఒకేసారి వేస్తే మీరు పది సాకెట్లు పెట్టినా బ్రేకర్ పడుతుంది. ఎక్స్‌టెన్షన్ వైర్లు కాళ్ళకి అడ్డం పడకుండా ఉండడానికే కొత్త సాకెట్లు.

పని మొదలుపెట్టే ముందు బయటి కేబుల్ పీకేయండి, జనరేటర్, ఇన్వర్టర్ ఆపండి, బ్యాటరీ మైనస్ కూడా విప్పండి. మీటర్ పెట్టి సాకెట్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. బ్రేకర్లుండే ప్యానెల్ మూత తీయడానికి జంకుంటే ఆ ఒక్క భాగం ఆర్‌వీ టెక్నీషియన్‌కి వదిలేయండి, మిగతాది మీరే చేసుకోవచ్చు.

ఆర్‌వీ గోడ అంగుళంన్నర మందం ఉంటే గొప్ప. ఇళ్ళకి వాడే లోతైన బాక్సు అందులో పట్టదు. సాకెట్టూ బాక్సూ ఒకే ముక్కగా ఆర్‌వీలకోసమే చేసినవి దొరుకుతాయి, అవి తెచ్చుకోండి. కోయాల్సిన చోట పెన్సిల్ గీత గీసి, దాని మధ్యలో ప్లైవుడ్ దాటీ దాటకుండా చిన్న చిల్లు పెట్టండి. బట్టల హ్యాంగర్ తీగని వంచి లోపలికి దూర్చి గుండ్రంగా తిప్పండి. ఎక్కడైనా తగిలితే ఆ చోటు వదిలేయండి. అవతల నీళ్ళ గొట్టం ఉండొచ్చు, గ్యాస్ గొట్టం ఉండొచ్చు. స్లైడ్-అవుట్ గోడ జోలికి మాత్రం పోకండి. ఆ గోడ లోపలికీ బయటికీ కదిలినప్పుడల్లా వైరు వంగుతుంది.

20 యాంపుల బ్రేకర్‌కి 12 గేజ్ వైరు, 15కి 14 గేజ్. పెద్ద బ్రేకర్‌కి సన్న వైరు ఎప్పుడూ వద్దు. సింకు దగ్గరా బండి బయటా పెట్టేవాటికి జీఎఫ్‌సీఐ (కరెంటు లీకైతే వెంటనే తెంపేసేది) తప్పనిసరి. ఉన్న జీఎఫ్‌సీఐ సాకెట్ వెనక లోడ్ అని రాసి ఉన్న స్క్రూల నుంచి కొత్త సాకెట్‌కి లైను తీసుకుంటే దానికీ ఆ రక్షణ వస్తుంది.

ఇంట్లో వైరింగ్ తెలిసినవాళ్ళు కూడా తడబడేది న్యూట్రల్, గ్రౌండ్ దగ్గర. ఇంటి మెయిన్ ప్యానెల్‌లో ఆ రెంటినీ కలుపుతారు. ఆర్‌వీ ప్యానెల్‌లో కలపకూడదు, ఆ రెండు బార్లూ విడివిడిగా ఉండాలి. కలిసే చోటు బయట, కరెంటు ఇచ్చే దగ్గరుంటుంది. బండిలోనూ కలిపితే న్యూట్రల్‌లో పోవాల్సిన కరెంటు కొంత బండి ఇనుములోంచి దారి వెతుక్కుంటుంది.

ఇన్వర్టర్ సాకెట్లని నేను వేరుగా పెట్టమంటాను. డైనెట్ (భోజనం బల్ల) దగ్గర ఒకటి, మంచం తలాపున ఒకటి, రెండూ నారింజ రంగువి. ఇవి ఇన్వర్టర్ నుంచే వస్తాయి, ప్యానెల్‌తో ఏ సంబంధమూ ఉండదు. బండంతా ఇన్వర్టర్ మీద నడవాలంటే బయటి కరెంటుకీ ఇన్వర్టర్‌కీ మధ్య మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ ఉండాలి. న్యూట్రల్-గ్రౌండ్ కలపడం, విడదీయడం తనే చూసుకునే ఇన్వర్టర్-ఛార్జర్ ఉండాలి. ఖర్చు చాలా ఎక్కువ. పార్కు కరెంటుకి గుచ్చే షోర్ కేబుల్ తీసి ఇన్వర్టర్‌కే గుచ్చే అతితెలివి మాత్రం వద్దు. కన్వర్టర్ ఆన్‌లో ఉంటే బ్యాటరీ కరెంటుతో బ్యాటరీనే ఛార్జ్ చేస్తూ కూర్చుంటుంది.

12 వోల్టుల వైపు

అందరికీ 120 అంటే భయం, 12 అంటే లెక్కలేదు. షాక్ సంగతి నిజమే. మంట సంగతికొస్తే 12 వోల్టులూ ప్రమాదమే. 2000 వాట్ల ఇన్వర్టర్ పూర్తి లోడ్ మీద బ్యాటరీ నుంచి దాదాపు 200 యాంపులు లాగుతుంది. కారుకి జంపర్ వేసే వైరు దానికి ఆనదు. ఇక్కడివాళ్ళు టూ-ఆట్ అనే 2/0 రాగి కేబుల్ వేయండి, అదీ ఐదడుగులు దాటకుండా. కేబుల్ పొడవు తగ్గించడానికి ఇన్వర్టర్ బ్యాటరీ పక్కనే పెట్టి, సాకెట్ల వైపు 120 వోల్టుల వైరుని ఎంత దూరమైనా లాక్కోండి. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్‌దే (ఇంటి కరెంటులాగే నున్నటి అలనిచ్చేదే) అయ్యుండాలి. మోటార్లూ, సీపాప్ లాంటివీ చవకరకంతో పేచీ పెడతాయి.

ప్లస్ కేబుల్ మీద 250 యాంపుల క్లాస్ టి ఫ్యూజు, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా. లిథియం బ్యాటరీ షార్టయితే వేల యాంపులు వదులుతుంది, మామూలు ఫ్యూజులు కొన్ని ఆ వరదని తెంపలేవు. లగ్గులని (కేబుల్ చివర తొడిగే రాగి కొసలని) హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కండి. సుత్తితో కొట్టి సోల్డర్ పోసే పద్ధతి వద్దు. పైన జిగురున్న హీట్‌ష్రింక్ ట్యూబు వేయండి. ఇన్వర్టర్‌కి మొదటిసారి కేబుల్ తగిలించినప్పుడు టప్పుమని పెద్ద స్పార్క్ వస్తుంది, లోపలి కెపాసిటర్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి. చిన్న రెసిస్టర్‌ని కేబుల్‌కీ టెర్మినల్‌కీ మధ్య కొన్ని క్షణాలు పట్టుకుని ఆ తర్వాత బిగిస్తే రాదు. దగ్గర్లో గ్యాస్ వాసన లేదని ముందే చూసుకోండి.

తెనాలిలో నాన్నగారికి మోటార్ వైండింగ్ షాపుండేది. పని అయ్యాక మోటార్ని కాసేపు నడిపించి, ఆపి, టెర్మినళ్ళ మీద వేలి వెనకభాగం ఆనించి చూసేవారు. మా బండిలో కుక్కర్ పెట్టి పావుగంట నడిపించాక ఆయన బెంచీ కింద దూరి లగ్గులన్నీ అలాగే చూశారు. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే అక్కడ క్రింపో నట్టో వదులుగా ఉన్నట్టు.

బ్యాటరీ

1200 లెక్కకి వంద యాంప్-అవర్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు రెండు పెట్టండి. ఒక్కోటి 12.8 వోల్టులు, అంటే రెండూ కలిసి 2560 వాట్-అవర్లు. ఒక రోజు వాడకానికి పోను ఇంకా మిగులుతుంది. చేతిలో డబ్బు తక్కువైతే గోల్ఫ్ కార్ట్‌కి వాడే 6 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో వేసుకోండి. 220 యాంప్-అవర్ల దాకా వస్తాయి, సగం వాడుకోవచ్చు. బరువు మాత్రం ఒక్కోటి అరవై పౌండ్ల పైమాట. వీటికి హైడ్రోజన్ బయటికి పోయే గొట్టమున్న పెట్టె కావాలి. కొత్తదాన్ని పాతదానితో, లిథియంని లెడ్ యాసిడ్‌తో ప్యారలల్ కలపకండి.

రెండు లిథియంలు ప్యారలల్‌లో పెట్టినప్పుడు ఇన్వర్టర్ ప్లస్ ఒకదాని నుంచి, మైనస్ రెండోదాని నుంచి తీసుకోండి. రెండూ ఒకేదాని నుంచి తీస్తే అది ఎక్కువ పనిచేసి రెండోది సోమరిగా మిగులుతుంది. వంద యాంప్-అవర్ బ్యాటరీలోని బీఎంఎస్ అనే కాపలా సర్క్యూట్ సాధారణంగా వంద యాంపులే ఇస్తుంది. రెండూ కలిపి 200, అంటే 2000 వాట్లకి సరిగ్గా అంచు. అందుకే 2000 వాట్ల ఇన్వర్టర్ ఉన్నా మేం 1500 దాటనివ్వం.

లిథియంని సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో ఛార్జ్ చేయకూడదు. బండి ముందుభాగంలోని డబ్బాలో, మెట్టు కింద కాకుండా లోపల డైనెట్ బెంచీ కింద పెట్టండి. కన్వర్టర్ పాతది 13.6 వోల్టుల దగ్గర ఆగేదైతే మార్చండి, లిథియం సెట్టింగు ఉన్నది 14.4 దాకా ఇస్తుంది. ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి నేరుగా కలిపే లైనుంటే తీసేసి, మధ్యలో కరెంటుని అదుపులో ఉంచే 30 యాంపుల డీసీ-డీసీ ఛార్జర్ పెట్టండి. ఖాళీ లిథియం ఇచ్చినంతా లాగేస్తుంది, ఆల్టర్నేటర్ కాలిపోవచ్చు. వచ్చిపోయే కరెంటుని కొలిచే షంటుతో వచ్చే బ్యాటరీ మానిటర్ కూడా కొనండి. లెడ్ యాసిడ్ 12.1 వోల్టులకొస్తే సగమైందని చెప్పొచ్చు. లిథియం చాలాసేపు 13.2 దగ్గరే నిలబడి, చివర్లో ఒక్కసారి జారిపోతుంది.

ఇంటి దగ్గర

డ్రైవ్‌వేలో ఛార్జింగ్‌కి 30 యాంపుల ప్లగ్ పెట్టించుకుంటే ఎలక్ట్రీషియన్‌కి టీటీ-30, 120 వోల్టులు అని రాసిచ్చి మరీ చెప్పండి. మూడు కాళ్ళు, 30 యాంపులు అనగానే డ్రైయర్ ప్లగ్ అనుకుని 240 ఇచ్చేవాళ్ళున్నారు. బండి గుచ్చేముందు రెండు పలక చీలికల్లో మీటర్ పెట్టండి. 120 చూపించాలి. 240 చూపిస్తే బండి కేబుల్‌ని అటువైపు తీసుకెళ్ళకండి, అతన్ని మళ్ళీ పిలవండి.