సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్‌లో ‘డివైస్ ఎన్‌రోల్‌మెంట్’ మెసేజ్ వస్తోందా? రిలీజ్ కోసం దరఖాస్తు ఇలా పెట్టుకోండి

నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు నుంచి హైదరాబాద్ వెళ్లి సెకండ్ హ్యాండ్ మ్యాక్‌బుక్ తెచ్చుకునే ఇంజనీరింగ్ పిల్లలు ఉన్నారు. ఇంటికొచ్చి వైఫై కలపగానే తెర మూలన ‘డివైస్ ఎన్‌రోల్‌మెంట్’ అని, ఫలానా కంపెనీ మీ మ్యాక్‌ను తానే సెట్ చేస్తుందని మెసేజ్ వస్తుంది. మూసేసినా మళ్లీ వస్తుంది. టెన్షన్ పడకండి, అది వైరస్ కాదు. ఆ లాప్‌టాప్ ఒకప్పుడు ఆ కంపెనీది. అమ్మేశాక కూడా దాని సీరియల్ నంబర్ ‘యాపిల్ బిజినెస్ మేనేజర్’లో (కంపెనీలు తమ యాపిల్ పరికరాలను నమోదు చేసుకునే యాపిల్ వెబ్‌సైట్) వాళ్ల పేరు మీదే ఉండిపోయింది. పాత బండి కొని ఆర్‌సీలో పేరు మార్పించుకోనట్టే ఇది కూడా.

ఆ రికార్డు ఉండేది యాపిల్ సర్వర్‌లో, మీ డిస్క్‌లో కాదు. అందుకే ఫార్మాట్ కొట్టినా పోదు. ఫార్మాట్ చేసి తీసేస్తామనేవాళ్లకు డబ్బులు ఇవ్వకండి. విసుగొచ్చి ఎన్‌రోల్ మాత్రం నొక్కొద్దు. నొక్కితే ఆ కంపెనీ ఐటీ వాళ్లు ఎక్కడినుంచైనా మీ మ్యాక్‌ను లాక్ చేయగలరు, అందులోని డేటా మొత్తం తుడిచేయగలరు. మీ ప్రాజెక్టు ఫైళ్లు ముందే వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. (మీరు పనిచేసే ఆఫీసు ఇచ్చిన లాప్‌టాప్ అయితే ఇదంతా వర్తించదు. మీ ఐటీ వాళ్లను అడిగి ఎన్‌రోల్ చేసుకోండి.)

దరఖాస్తు పెట్టాల్సింది యాపిల్‌కు కాదు, మెసేజ్‌లో పేరున్న కంపెనీ ఐటీ విభాగానికి. రిలీజ్ చేసే, అంటే ఆ రికార్డు నుంచి మీ మ్యాక్‌ను తీసేసే అధికారం వాళ్లదే. ఈమెయిల్‌లో సీరియల్ నంబర్ (యాపిల్ మెనూలో ‘అబౌట్ దిస్ మ్యాక్’ నొక్కితే కనిపిస్తుంది), మోడల్, ఎవరి దగ్గర ఏ తేదీన కొన్నారో రాయండి. బిల్లు కాపీ, ఆ మెసేజ్ ఫొటో జత చేయండి. ‘ఈ సీరియల్ నంబర్‌ను యాపిల్ బిజినెస్ మేనేజర్ నుంచి రిలీజ్ చేయగలరు’ అని స్పష్టంగా అడగండి. ఒకప్పుడు కాలేజీదైతే ‘యాపిల్ స్కూల్ మేనేజర్’ అని రాయాలి. పాస్‌వర్డ్‌లు ఎవరడిగినా ఇవ్వొద్దు. రిలీజ్ చేశామని జవాబు వచ్చాక మ్యాక్‌ను పూర్తిగా ఎరేజ్ చేసి, నెట్ కలిపి కొత్తగా సెటప్ చేయండి. మెసేజ్ రాకపోతే పని అయిపోయినట్టే.

అది దొంగిలించిన లాప్‌టాప్ అని వాళ్లు జవాబిస్తే ఇక వాడొద్దు. బిల్లు పట్టుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి.

కంపెనీ పలకకపోతే, అమ్మిన షాపును డబ్బు వాపసు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. కుదరదంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. హైదరాబాద్‌లో కొన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, వినియోగదారుల కేసుల పోర్టల్ ‘ఈ-జాగృతి’లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. వీటన్నిటికీ బిల్లే ఆధారం, కాబట్టి వెయ్యి రూపాయలు తగ్గిస్తామన్నా బిల్లు లేకుండా కొనకండి.

ఇంకా కొనని వాళ్లు షాపులోనే మ్యాక్‌ను ఎరేజ్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్ కలిపి సెటప్ చివరిదాకా చేసి చూడండి. మధ్యలో ‘రిమోట్ మేనేజ్‌మెంట్’ అని వచ్చిందంటే అది ఇంకా ఏదో సంస్థ పేరు మీదే ఉన్నట్టు, దాన్ని అక్కడే వదిలేసి రండి.