తెలుగు ఇంటిపేరు మూలాలను వెదకడం ఎలా: ఊరి పేరు నుంచి జన్యుపరీక్ష వరకు

తెలుగువారి ఇంటిపేరు సొంత పేరుకు ముందు నిలుస్తుంది, తండ్రి నుంచి బిడ్డలకు వస్తుంది, పెళ్లయ్యాక ఆడపిల్లకు సాధారణంగా మారిపోతుంది. ఈ మూడు సంగతులనూ మొదటే దృష్టిలో ఉంచుకుంటే, ఒక ఇంటిపేరు వెంట ఎంత దూరం వెనక్కి వెళ్లవచ్చో, ఎక్కడ దారి మూసుకుపోతుందో ముందుగానే అంచనా వేసుకోవచ్చు. ఇంటిపేరు చెబితే వంశచరిత్ర అంతా చెప్పేస్తామనే ప్రకటనలు ఈ మధ్య ఎక్కువయ్యాయి గానీ, ఇంటిపేరు ఒంటరిగా చెప్పగలిగేది చాలా కొద్ది. దానికి ఊరు, గోత్రం, కులం, తరతరాలుగా వియ్యమందుకుంటూ వచ్చిన కుటుంబాల ఇంటిపేర్లు తోడైనప్పుడే అది చరిత్రకు ఆధారంగా పనికివస్తుంది.

ఇంట్లో మొదలుపెట్టవలసిన పని

మొదట అసలు ఇంటిపేరు ఏదో తేల్చుకోవాలి. రావు, రెడ్డి, నాయుడు, శాస్త్రి, శర్మ, గౌడ్, చౌదరి వంటివి పేరు చివర వచ్చే గౌరవ, కుల సూచకాలే తప్ప ఇంటిపేర్లు కావు; పాస్‌పోర్టులోనూ విదేశీ దరఖాస్తుల్లోనూ చివరి పేరు అడిగిన చోట ఇవి చేరడం వల్ల, అసలు ఇంటిపేరు ఒకే ఒక పొడి అక్షరంగా మిగిలిపోయిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పాత పెళ్లి శుభలేఖలు, బడి రిజిస్టర్లు, భూమి పత్రాలు చూస్తే పూర్తి రూపం దొరుకుతుంది. అందులోని తెలుగు అక్షరక్రమాన్ని ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ళ, ల, ణ, న, ద, ధ ఇవి ఇంగ్లీషు అక్షరాల్లోకి వెళ్లేసరికి కలిసిపోతాయి కాబట్టి, రెండు వేర్వేరు ఇంటిపేర్లు ఒకటిగా కనిపించే ప్రమాదం ఉంది.

తరువాత పెద్దవాళ్లను అడిగి ఒక్కో తరానికి ఒక్కో పుట చొప్పున రాయాలి. పేరు, పుట్టిన ఊరు, సేద్యం చేసిన ఊరు, కులదైవం ఉన్న ఊరు, గోత్రం రాసినంత శ్రద్ధగానే ఆ తరం ఇల్లాలి పుట్టింటి ఇంటిపేరూ ఆమె ఊరూ రాయాలి. చాలామంది ఈ చివరి రెండింటినీ వదిలేస్తారు; అది పెద్ద నష్టం. ఒకే ఇంటిపేరు వారి మధ్య పెళ్లి చేసుకోకపోవడం, మరోవైపు మేనరికాలు చేసుకోవడం తెలుగునాట చాలా కులాల్లో ఆచారం. ఈ రెండూ కలిసి పనిచేసిన చోట రెండు మూడు ఇంటిపేర్ల మధ్యే తరాల తరబడి పిల్లనివ్వడం, తెచ్చుకోవడం జరిగింది. మీ ఇంటిపేరు వందల ఊళ్లలో ఉండవచ్చు గానీ, మీ ఇంటిపేరూ మీ మేనమామల ఇంటిపేరూ మీ తాతగారి మేనమామల ఇంటిపేరూ మూడూ కలిసి కనిపించే ఊళ్లు కొద్దిగానే ఉంటాయి. ఆ ఊళ్లలోనే వెదకడం మొదలుపెట్టాలి.

పేరును విప్పి చూడడం

తెలుగు ఇంటిపేర్లలో చాలా పెద్ద భాగం ఊరి పేర్ల నుంచి వచ్చినవే. అయితే ఊరి పేరు ఇంటిపేరుగా మారేటప్పుడు తరచుగా షష్ఠీ విభక్తి రూపం తీసుకుంటుంది. టంగుటూరు వారు టంగుటూరి వారవుతారు, కందుకూరు వారు కందుకూరి వారవుతారు. ఊరు అనేది ఊరి అయినట్టే పాడు పాటిగా, నాడు నాటిగా మారుతుంది. వెలనాడు ఏలినవారు వెలనాటి చోడులైనది ఇలాగే. కాబట్టి పాటితో ముగిసే ఇంటిపేరు చేతికి వస్తే పాడుతో ముగిసే ఊరి కోసం పటంలో వెదకాలి. పల్లి, పూడి, లంక, వరం, కొండ, కోట వంటి చివరలు పెద్దగా మారవు కాబట్టి అక్కడ పని తేలిక.

ఊరి పేరు దొరికిందని పరిశోధన ముగిసినట్టు కాదు. కొత్తపల్లి, రామాపురం వంటి పేర్లతో ఊళ్లు పదుల సంఖ్యలో ఉన్నాయి. కొన్ని ఊళ్లు పాడుబడి, ఇళ్లు లేకుండా రెవెన్యూ లెక్కల్లో బేచిరాక్ గ్రామాలుగా మాత్రమే మిగిలాయి; శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల కింద మునిగిపోయినవి మరికొన్ని. నేటి పటంలో కనిపించలేదని ఊరే లేదనుకోకుండా పాత తాలూకా పటాలు, గ్రామాల జాబితాలు కూడా చూడాలి.

ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఒక ఊళ్లో ఉన్నంతకాలం ఆ ఊరి పేరుతో ఎవరినీ ప్రత్యేకంగా గుర్తించరు. ఊరు విడిచి మరో చోటికి వెళ్లినప్పుడే అక్కడివారు ఫలానా ఊరివారని పిలుస్తారు. అందువల్ల ఇటువంటి ఇంటిపేరు పూర్వీకులు వదిలి వచ్చిన ఊరిని సూచిస్తుంది, స్థిరపడిన ఊరిని కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో పుట్టినది తిరుత్తణిలో. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉంది. ఒకే ఊరి నుంచి వేర్వేరు కులాలవారు వేర్వేరు కాలాల్లో బయలుదేరి ఒకే ఇంటిపేరు పొందడం కూడా ఎంతో సహజం. ఇంటిపేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉందని అనుకోకూడదని చెప్పడానికి ఇదే బలమైన కారణం.

ఊళ్లు కాని ఇంటిపేర్లూ ఉన్నాయి. కరణం, దేశ్‌ముఖ్, దేశపాండే, కులకర్ణి వంటివి ఉద్యోగాలను చెబుతాయి, వీటిలో కొన్ని నిజాం, మరాఠీ పాలనా వ్యవస్థల జాడలు. చింత, తుమ్మల, పులి, నక్క, కత్తి, బండి వంటి చెట్ల, జంతువుల, వస్తువుల పేర్లు మరో పెద్ద గుంపు. వీటికి చెప్పే కథలను నిజాలుగా కాకుండా కథలుగానే రాసుకోవడం మంచిది, ఎందుకంటే పేరు ముందు పుట్టి, దానికి సరిపోయే కథ తరువాత అల్లుకున్న సందర్భాలే ఎక్కువ. క్రైస్తవంలోకి మారిన చాలా కుటుంబాలు పాత ఇంటిపేరునే ఉంచుకున్నాయి కాబట్టి వారి వెదకులాట కూడా ఇదే దారిలో సాగుతుంది.

రికార్డుల్లోకి వెళ్లడం

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేవి భూమి కాగితాలు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల దస్తావేజుల్లో వ్యక్తి పేరుతో పాటు తండ్రి పేరు, నివాస గ్రామం, కులం, వృత్తి రాయడం మామూలు. ఒక్క పంపకాల దస్తావేజు దొరికితే రెండు మూడు తరాలు ఒకేసారి బయటపడతాయి. మద్రాసు రాష్ట్రంలో ఉండిన జిల్లాలకు రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టర్లు, అడంగళ్లు ఉన్నాయి. తెలంగాణలో సేత్వార్ (తొలి సర్వే నాటి భూమి రిజిస్టరు), 1954-55 నాటి ఖాస్రా పహాణీ (సర్వే నంబర్ల వారీగా పట్టాదారు, సాగుదారు పేర్ల లెక్క) ఆ స్థానంలో పనికివస్తాయి. జమీందారీ కింద ఉండిన గ్రామాల్లో రైతువారీ లెక్కలు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాతే సక్రమంగా మొదలయ్యాయి కాబట్టి, అంతకుముందు కాలానికి ఆ ఎస్టేటు రికార్డులు ఎక్కడున్నాయో అడగవలసి ఉంటుంది. పాత లెక్కల్లో ఫసలీ అనే రెవెన్యూ సంవత్సరం కనిపిస్తే, క్రీస్తుశకంలోకి మార్చడానికి దానికి 590 కలపాలి. ఫసలీ 1310 అంటే 1900-01.

అంతకంటే వెనక్కి వెళ్లాలంటే గ్రామ కైఫియత్తులు చదవాలి. ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులూ వారి సహాయకులూ ఊరూరా తిరిగి కరణాల దగ్గర ఉన్న దండకవిలెల (పాత గ్రామ లెక్కల పుస్తకాల) నుంచి సేకరించిన గ్రామచరిత్రలు ఇవి. మెకంజీ 1821లో మరణించాడు. అంటే వీటిలోని సమాచారం కనీసం రెండు వందల ఏళ్ల నాటిది. ఏ ఊరి కరణీకం ఎవరిది, ఏ అగ్రహారం ఎవరికి దానమిచ్చారు, ఏ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చింది అనే వివరాలు వీటిలో తరచుగా కనిపిస్తాయి. చాలా జిల్లాల కైఫియత్తులు అచ్చయ్యాయి. శాసనాలు మరింత పాతవి, కానీ వాటిలో సామాన్య రైతు పేరు అరుదు; గోత్రమూ తండ్రి పేరూ మాత్రమే చెప్పి ఇంటిపేరు వదిలేసిన శాసనాలే ఎక్కువ. అందుకని శాసనంలో కనిపించిన ఒక నాయకుణ్ని పేరు పోలిక చూసి పూర్వీకుడిగా కలుపుకోవడం సరికాదు. మధ్యలోని ప్రతి తరానికీ ఆధారం ఉండాలి.

కాశీ, గయ, హరిద్వారం వంటి క్షేత్రాల్లో తీర్థపురోహితులు యాత్రికుల ఊరు, కులం ప్రకారం ఉంచే బహీలు (వంశావళి పుస్తకాలు) మరో మంచి ఆధారం. మీ పెద్దలు గయకు వెళ్లి వచ్చారని ఇంట్లో చెప్పుకుంటే, ఆ కాలపు జిల్లా పేరు, ఊరి పేరు చెప్పి అడగాలి. నేటి జిల్లా పేరు అక్కడ పనిచేయదు.

ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారు

జనగణన శాఖ ఇంటిపేర్ల వారీగా లెక్కలు ప్రచురించదు. విదేశీ వెబ్‌సైట్లు ఇచ్చే సంఖ్యలు రోమన్ లిపిలోని పరిమిత సమాచారం మీద వేసిన అంచనాలు, వాటిలో రావు, రెడ్డి వంటివే పైకి తేలతాయి. వ్యాప్తిని తెలుసుకోవడానికి తెలుగులో అచ్చయ్యే ఓటర్ల జాబితాలే మెరుగైన దారి. మీరు అనుమానించిన ఊరు, దాని చుట్టుపక్కల గ్రామాల జాబితాలు తీసుకుని ఇంటిపేరు ఎన్ని ఇళ్లలో కనిపిస్తుందో లెక్కించి పటంలో గుర్తులు పెట్టండి. వ్యక్తుల పేర్లు, ఇంటి నంబర్లు ఎక్కడా ప్రచురించకుండా ఊరికి ఎన్ని ఇళ్లో మాత్రమే రాసుకోవాలి.

అలా వచ్చిన పటాన్ని చరిత్రతో కలిపి చదవాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోనూ, బెజవాడ ఆనకట్ట 1855లోనూ పూర్తయ్యాక డెల్టాలకు మెట్ట ప్రాంతాల జనం చేరారు. 1876-78 నాటి కరువు రాయలసీమను తీవ్రంగా దెబ్బతీసి జనాన్ని చెదరగొట్టింది. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక కోస్తా రైతులు నిజామాబాద్ ప్రాంతానికి వెళ్లి స్థిరపడ్డారు. మీ ఇంటిపేరు గుంటూరు జిల్లాలో దట్టంగా ఉండి, దూరాన నిజామాబాద్ జిల్లాలో నాలుగైదు ఊళ్లలో మాత్రమే కనిపిస్తే ఆ రెండో గుంపు వయసు నూరేళ్ల లోపే అయివుంటుందని ఊహించి, అక్కడి పెద్దలను అడిగి రూఢి చేసుకోవచ్చు. సముద్రం దాటిన శాఖల కోసం దక్షిణాఫ్రికాలోని నాటాల్, మారిషస్ వలసకూలీల జాబితాలు ఉన్నాయి. మద్రాసు నుంచి వలసకూలీలతో నాటాల్‌కు బయలుదేరిన మొదటి ఓడ ట్రూరో 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ జాబితాల్లో ఇంటిపేరు దాదాపుగా ఉండదు గానీ తండ్రి పేరు, కులం, గ్రామం, తాలూకా, జిల్లా ఉంటాయి.

జన్యుపరీక్ష చెప్పేది, చెప్పలేనిది

వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళుతుంది కాబట్టి ఇంటిపేరుతో పాటు నడిచే జన్యు ఆధారం అదొక్కటే. ఇంగ్లండులో సైక్స్ అనే ఇంటిపేరున్న మగవారిని పరీక్షించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మందికి ఒకే వై నమూనా కనిపించింది. అంటే ఆ ఇంటిపేరు చాలావరకు ఒకే పురుషుడి నుంచి వచ్చినట్టు. ఊరి పేరు నుంచి పుట్టిన తెలుగు ఇంటిపేరుకు అటువంటి ఫలితం వస్తుందని ఆశించకూడదు. పలు మూలపురుషులు ఉండడమే అక్కడ సహజం.

ఒక్కరే పరీక్ష చేయించుకుంటే వచ్చే హాప్లోగ్రూపు (అతి ప్రాచీన పితృశాఖ) పేరు మీ ఇంటిపేరు గురించి ఏమీ చెప్పదు. హెచ్, ఆర్1ఎ, ఆర్2, ఎల్, జె2 తెలుగు జనాభాలో అనేక కులాల్లో కనిపిస్తాయి, వాటి వయసు ఇంటిపేర్ల వయసుకు ఎన్నో రెట్లు. ప్రయోజనం పోలికలోనే ఉంది. ఒకే ఇంటిపేరు, ఒకే గోత్రం కలిగి, చుట్టరికం తెలియని రెండు మూడు ఊళ్ల పురుషులు తమ ఇష్టంతో ముందుకు వచ్చి వై క్రోమోజోములో చిన్న ముక్కలు ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వస్తాయో లెక్కించే 37 లేదా అంతకు మించి ఎస్‌టీఆర్ గుర్తులతో పరీక్షించుకోవాలి. ఒకటి రెండు తేడాలు మాత్రమే ఉంటే కొన్ని వందల ఏళ్ల లోపు ఒకే పురుషుడు ఉండి ఉండవచ్చు. తేడాలు పది దాటితే ఇంటిపేరు కాలంలో ఉమ్మడి పూర్వీకుడు లేనట్టే.

తేడా వచ్చినప్పుడు తొందరపడి ఎవరి శీలాన్నీ శంకించకూడదు. దత్తత, ఇల్లరికం తెలుగు కుటుంబాల్లో మామూలు సంగతులు. శ్రీశ్రీగా ప్రసిద్ధుడైన శ్రీరంగం శ్రీనివాసరావు పుట్టుక పూడిపెద్ది వారింట. శ్రీరంగం ఇంటిపేరు దత్తత వల్ల వచ్చింది. పరీక్షకు ముందే కుటుంబంలో దత్తతలు ఉన్నాయా అని అడిగి తెలుసుకుంటే చాలా మనస్తాపం తప్పుతుంది.

తక్కిన క్రోమోజోముల పరీక్ష తల్లివైపు, తండ్రివైపు కలిపి చూపిస్తుంది. దక్షిణాసియా జనాభాలో ఎక్కువ భాగం ఇరాన్ ప్రాంతపు ప్రాచీన జనాలతో సంబంధమున్న వంశం, ఇక్కడి ప్రాచీన వేటగాళ్ల వంశం, యురేషియా గడ్డిమైదానాల (స్టెప్పీ) పశుపాలకుల వంశం వేర్వేరు పాళ్లలో కలిసి ఏర్పడింది. 2013 నాటి ఒక అధ్యయనం ఈ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందట విస్తృతంగా జరిగిందని, తరువాత కులాంతర వివాహాలు తగ్గాయని తేల్చింది. ఆ పాళ్లు ఇంటిపేరును బట్టి మారవు. ఇక పరీక్ష సంస్థ ఇచ్చే బంధువుల జాబితాలో చూపే చుట్టరికపు దూరాన్ని మన విషయంలో యథాతథంగా తీసుకోకూడదు. మేనరికాల వల్ల ఒకే వ్యక్తితో నాలుగైదు వైపుల నుంచి చుట్టరికం ఉండి, దూరపు బంధువు దగ్గరివాడిలా కనిపిస్తాడు. ఇద్దరి డీఎన్ఏలో పొట్టి ముక్కలు ఎన్నో కలవడం కంటే ఒకటి రెండు పొడవైన ముక్కలు కలవడమే ఇటీవలి సంబంధానికి మంచి గుర్తు.

ఆరోగ్యానికి సంబంధించిన ఒక ఫలితాన్ని మాత్రం తప్పక పట్టించుకోవాలి. 2017లో హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న అధ్యయనం, 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలు కొద్దిమంది మూలపురుషుల నుంచే విస్తరించాయని గుర్తించింది. వాటిలో తెలుగునాట ఉన్న వైశ్యులూ ఉన్నారు. ఆ సమాజంలో, కొన్ని మందులను శరీరంలో విడగొట్టే ఎంజైమ్ అయిన బ్యుటైరిల్‌కోలినెస్టరేజ్ లోపం ఎక్కువగా కనిపిస్తుంది. ఆ లోపం ఉన్నవారికి శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ ప్రభావం చాలా ఎక్కువసేపు నిలుస్తుంది. కుటుంబంలో ఎవరికైనా మత్తుమందు తరువాత ఊపిరి తీసుకోవడం ఆలస్యమైందని తెలిస్తే వంశవృక్షంలో ఆ పేరు పక్కన రాసి, శస్త్రచికిత్సకు ముందు మత్తు వైద్యునికి చెప్పాలి.

చేరిన సమాచారమంతా రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన అది పెద్దలు చెప్పినదా, దస్తావేజులో ఉన్నదా, కైఫియత్తులో చదివినదా, పరీక్షలో తేలినదా అని గుర్తు పెట్టండి. బతికి ఉన్నవారి పరీక్ష ఫలితాలను వారి రాతపూర్వక అనుమతి లేకుండా అందులో చేర్చకండి. ఆ ప్రతి ఒకటి మీ దగ్గర, ఒకటి వియ్యమందుకున్న కుటుంబంలో ఆసక్తి ఉన్నవారి దగ్గర ఉంచితే, వారి వైపు రికార్డులు బయటపడినప్పుడు పోల్చి చూసుకోవచ్చు.