పెన్‌డ్రైవ్ నుంచి వైరస్ వచ్చిందన్న అనుమానం కలిగితే

హాల్‌టికెట్ ప్రింటు కోసం జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళిన పెన్‌డ్రైవును ఇంటి కంప్యూటరుకు పెట్టగానే, అందులోని ప్రతి ఫోల్డరు బొమ్మ మూలనా చిన్న బాణం గుర్తు కనిపించింది, అంటే అవి అసలు ఫోల్డర్లు కావు, షార్ట్‌కట్‌లు. వాటిలో ఒకదాన్ని తెరిచాక బ్రౌజరు దానంతట అదే ప్రకటనల పేజీలు తెరవసాగింది. మామూలు స్కాన్‌లో ఏదీ దొరకలేదు. విండోస్ 10, 11లలో ముందే ఉండే ఆఫ్‌లైన్ స్కాన్‌తో, పైసా ఖర్చు లేకుండా, ఆ బెడద వదిలింది.

ముందుగా విండోస్‌తో పాటే వచ్చే విండోస్ సెక్యూరిటీ యాప్ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో అప్‌డేట్ చేసుకుని, ఆ తరువాతే వైఫై ఆపివేయండి. తెరిచి ఉన్న పనులన్నీ సేవ్ చేసి, స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకుని, స్కాన్ నౌ నొక్కండి. కంప్యూటరు రీస్టార్ట్ అయి, విండోస్ పూర్తిగా మొదలవకముందే దాదాపు 15 నిమిషాల పాటు వెతుకుతుంది గనుక, విండోస్ నడుస్తున్నప్పుడు నక్కి ఉండేవి కూడా పట్టుబడే అవకాశం ఎక్కువ. ఆ సమయంలో కరెంటు పోకుండా చూసుకోవాలి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జరు పెట్టే ఉంచండి. దొరికినవాటి వివరాలు ప్రొటెక్షన్ హిస్టరీలో కనిపిస్తాయి. పెన్‌డ్రైవును మాత్రం ఆ తరువాత విడిగా స్కాన్ చేయాలి.

ఫైళ్ళ పేర్ల చివర కొత్త అక్షరాలు చేరి, అవి తెరుచుకోకుండా, డబ్బు చెల్లించమనే సందేశం కనిపిస్తే అది రాన్సమ్‌వేర్. ఈ స్కాన్ దాన్ని తొలగించినా, తాళం పడిన ఫైళ్ళు తిరిగి తెరుచుకోవు.