ఆర్‌వీ ఆనింగ్ కడిగే ముందు జాగ్రత్తలు

ఆర్‌వీ అంటే ఇల్లులా ఉండే ప్రయాణ వాహనం, దాని పక్కన నీడ కోసం చాపే బట్ట పందిరే ఆనింగ్. దాన్ని కడిగే ముందు గాలి చూసుకోండి. ఈదురుగాలి ఉంటే ఆ రోజుకి పని మానేయండి. తడిసిన బట్ట బరువుకి గాలి తోడైతే పక్క రాడ్లు వంగిపోతాయి.

• బట్ట ఏదో తెలుసుకోండి. వినైల్ (ప్లాస్టిక్ లాంటి బట్ట) కాస్త రుద్దినా తట్టుకుంటుంది. నేసిన అక్రిలిక్‌ని గట్టిగా రుద్దితే నీటిని ఆపే పూత పోతుంది.

• పొడి దుమ్ము, ఆకులు దులిపాకే నీళ్లు పోయండి.

• గోరువెచ్చని నీళ్లు, కాస్త గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి బ్రష్ చాలు. ప్రెషర్ వాషర్ (నీటిని బలంగా చిమ్మే యంత్రం) వద్దు, కుట్లు విడిపోతాయి. వినైల్‌కి బ్లీచ్ తగలనివ్వకండి.

• నిచ్చెన చదునైన నేల మీదే వేయండి, బట్ట చుట్టుకునే రోలర్‌కి ఆనించొద్దు.

• ఇది మాత్రం రెండుసార్లు చదవండి: చేత్తో లాగే ఆనింగ్‌ల రోలర్ గొట్టంలో బిగిసి ఉన్న స్ప్రింగ్ ఉంటుంది. చివరి మూతల స్క్రూలు విప్పారంటే అది ఒక్కసారిగా తిరిగి వేళ్లు విరగ్గొట్టగలదు. ఆ రిపేరు తెలిసిన మెకానిక్‌కే వదిలేయండి.

• కీళ్లకు ఆరిపోయే రకం సిలికాన్ స్ప్రే కొట్టండి. గ్రీజు రాస్తే దుమ్మంతా అక్కడే పేరుకుంటుంది.

• పూర్తిగా ఆరాకే చుట్టండి. వాన వల్ల తడిగా చుట్టక తప్పకపోతే, ఒకటి రెండు రోజుల్లోపే మళ్లీ విప్పి ఆరబెట్టండి. బూజు పట్టాక ఆ మచ్చలు వదలడం చాలా కష్టం.