పిల్లి ఎత్తుకు పైఎత్తు: మా చుక్క, గుండు నేర్పిన పాఠాలు

మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి. చుక్కకి తొమ్మిదేళ్ళు. నుదుటి మీద నల్లటి మచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. గుండుకి నాలుగేళ్ళు, ఒళ్ళంతా బూడిద రంగు, ధ్యాసంతా తిండి మీదే. వీటి ఎత్తులు పసిగట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. కొత్తగా పిల్లిని తెచ్చుకున్నవాళ్ళు అన్నేళ్ళు తంటాలు పడకూడదని ఇదంతా రాస్తున్నాను.

ముందుగా ఒకటి. పిల్లికి మన మీద కోపమూ లేదు, పంతమూ లేదు. ఏం చేస్తే ఏం దొరికిందో గుర్తుపెట్టుకుంటుంది, అంతే. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో వెలువరించిన పరిశోధన చదివాకే నాకు మా పిల్లులు అర్థమయ్యాయి. ఆయన ఆకలితో ఉన్న పిల్లిని ఒక పెట్టెలో ఉంచి, బయట తిండి పెట్టేవాడు. లోపలున్న తాడు లాగితేనో, మీట నొక్కితేనో తలుపు తెరుచుకుంటుంది. పిల్లి మొదట గీకేది, కొరికేది, సందుల్లోంచి దూరబోయేది. ఆ గింజులాటలో ఎప్పుడో అనుకోకుండా తలుపు తెరుచుకునేది. అదే పెట్టెలో మళ్ళీ మళ్ళీ పెడుతుంటే పనికిరాని చేష్టలు ఒక్కొక్కటే రాలిపోయి, చివరికి లోపల పెట్టగానే నేరుగా తాడే లాగేది. మన ఇళ్ళలో ఆ తాడు మనమే. తాడు లాగితే ఏం దొరుకుతుందో అది మార్చితే చాలు, పిల్లి దానంతటదే మారుతుంది.

చుక్క చేసిన మొదటి మాయ రెండు బ్రేక్‌ఫాస్ట్‌లు. మా ఆయన ఆరింటికి లేచి దానికి తిండి పెట్టి వాకింగ్‌కి వెళ్ళేవారు. ఏడింటికి నేను లేచేసరికి అది నాకి శుభ్రం చేసిన గిన్నె పక్కన కూర్చుని, నిన్నటి నుంచి ఏమీ తిననట్టు నా వైపు చూసేది. పెట్టేసేదాన్ని. 4.2 కిలోలున్న పిల్లి 5.1 కిలోలకు చేరాక డాక్టర్ అడిగితేగాని మేమిద్దరం ఒకరి లెక్క ఒకరితో సరిచూసుకోలేదు. ఆ చూపుతో పాటు ఒక గురగుర కూడా ఉండేది. దాని మీద ససెక్స్ విశ్వవిద్యాలయంలో కారెన్ మెకోంబ్ బృందం చేసిన పరిశోధన 2009లో వచ్చింది. తిండి కోసం అడిగేటప్పుడు పిల్లి తన గురగురలో ఏడుపు లాంటి ఒక సన్నని శబ్దం కలుపుతుందట. ఎప్పుడూ పిల్లిని పెంచనివాళ్ళకి వినిపించినా, మామూలు గురగుర కంటే అది తొందరపెడుతున్నట్టు అనిపించిందని చెప్పారు. కాబట్టి మీ మనసు కరిగిందంటే అది మీ బలహీనత కాదు, ఆ శబ్దం అలాంటిది.

ఫ్రిజ్ మీద కాగితం అంటించి టిక్కులు పెట్టాలని చూశాం. ఎవరో ఒకరు మరిచిపోయేవాళ్ళు. పనికొచ్చింది డబ్బా. రోజుకి సరిపడా తిండి రాత్రే కొలిచి ఒక డబ్బాలో పోస్తాం. మర్నాడు ఎవరు పెట్టినా అందులోంచే పెట్టాలి. డబ్బా ఖాళీ అయితే ఆ రోజుకి అయిపోయినట్టే. బరువు మాత్రం డాక్టర్ చెప్పినట్టు నెమ్మదిగా తగ్గించండి. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకుండా ఉంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. పస్తు పెట్టే ఆలోచనే వద్దు.

ఇక గుండు సంగతి. దాని పని తెల్లవారుజామున నాలుగున్నరకి మొదలయ్యేది. ముందు మ్యావ్. తర్వాత నా ముక్కు మీద పంజా. అప్పటికీ కదలకపోతే మంచం పక్కన బల్ల ఎక్కి, నా కళ్ళలోకి చూస్తూ కళ్ళజోడుని అంచు దాకా నెట్టేది. నేను ఉలిక్కిపడి లేచేదాన్ని. నేను లేచానో లేదో అది వంటగది వైపు పరుగు. పెన్ను తోస్తే లేవను, కళ్ళజోడు తోస్తే లేస్తాను అని వారం రోజుల్లో కనిపెట్టింది.

దీనికి మేం చేసినవి ఇవి. పడుకునే ముందు పావుగంట ఈకల కర్రతో బాగా పరిగెత్తించి, వెంటనే ఆ రోజు డబ్బాలో మిగిలింది పెట్టాం. వేటాడి, తిని, ఒళ్ళు నాక్కుని, నిద్రపోవడం పిల్లికి సహజమైన వరుస. బల్ల మీద ఒక్క వస్తువు కూడా ఉంచలేదు. పొద్దున లేవగానే తిండి పెట్టడం మానేసి, అరగంట గడిచాక పెట్టాం. నేను లేవడానికీ గిన్నె నిండడానికీ ఉన్న ముడి అలా తెగింది. అన్నిటికంటే కష్టమైనది, అది ఏం చేసినా కదలకుండా పడుకోవడం. మొదట్లో గోల తగ్గదు, ఇంకా పెరుగుతుంది. చాలామంది ఓడిపోయేది అక్కడే. అయిదో రాత్రి విసుగొచ్చి లేచారనుకోండి, అయిదు రాత్రులు అరిస్తే పని జరుగుతుందని దానికి నేర్పినట్టే. మాకు పదకొండు రాత్రులు పట్టింది. ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండాలి, పిల్లలతో సహా. ఎప్పుడూ లేనిది వయసు మళ్ళిన పిల్లి రాత్రుళ్ళు అరవడం మొదలుపెడితే మాత్రం అది ఎత్తు అనుకోకండి. థైరాయిడో, బీపీయో, నొప్పో ఉండొచ్చు. డాక్టర్‌కి చూపించండి.

తలుపు హ్యాండిళ్ళ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. కిందికి వంచే హ్యాండిల్ అయితే పిల్లి ఎగిరి వేలాడి తీసేస్తుంది. గుండ్రటి నాబ్ పెట్టించుకోండి, లేదా పిల్లలున్న ఇళ్ళలో వాడే లాక్ బిగించండి.

మాత్రల విషయంలో గుండు నన్ను బాగా నమ్మించింది. గుటక వేసి, మూతి నాక్కుని వెళ్ళిపోయేది. ఒకరోజు సోఫా జరిపితే కింద ఏడు మాత్రలు! అన్నీ బుగ్గన పెట్టుకుని అక్కడ ఉమ్మినవే. వైద్యం సగంలో ఆగిందని తెలిసి చాలా టెన్షన్ పడ్డాను. అప్పటి నుంచి తడి తిండితో మూడు చిన్న ఉండలు చేస్తున్నాను. మొదటిది ఖాళీ. రెండోదాంట్లో మాత్ర. అది నోట్లో ఉండగానే మూడో ఉండ ముక్కు ముందు పెడతాను. దాని కోసం ఆత్రంగా రెండోది మింగేస్తుంది. తీపి సిరప్‌తో ఆశ పెట్టాలనుకోకండి, పిల్లులకు తీపి రుచి తెలియదు. కొన్ని మాత్రలు పొడి చేయకూడదు కాబట్టి ముందు డాక్టర్‌ని అడగండి. ఉత్తి మాత్ర వేయాల్సి వస్తే అది గొంతులో అంటుకోకుండా వెంటనే నాలుగైదు ఎం.ఎల్. నీళ్ళు సిరంజితో బుగ్గ పక్క నుంచి నెమ్మదిగా పట్టండి.

క్యారియర్ బుట్ట గడియ చప్పుడైతే చాలు, చుక్క వాషింగ్ మెషీన్ వెనక్కి మాయం. తప్పు మాదే. బుట్ట బయటికి తీసిన ప్రతిసారీ ఆసుపత్రికే తీసుకెళ్ళాం. ఇప్పుడది హాల్లో మూలన ఎప్పుడూ తెరిచే ఉంటుంది, లోపల దాని పాత తువ్వాలు పరిచి ఉంటుంది. రోజూ రెండు గింజలు లోపల వేసేవాళ్ళం. మూడు వారాలకి మధ్యాహ్నం నిద్ర అందులోనే. ఇంకో మాట, ఇష్టం లేని పనికి పేరు పెట్టి పిలవకండి. పిల్లులు తమ పేరుని వేరే మాటల నుంచి గుర్తుపడతాయని జపాన్‌లో అత్సుకో సైతో బృందం 2019లో చూపించింది. పిలిస్తే చెవి మాత్రం తిప్పి కూర్చుందంటే విన్నదన్నమాటే. రావడం వల్ల తనకి మంచి జరుగుతుందా లేదా అని దానికి పాత అనుభవం ఉంది. మేం చుక్కని తిండికీ ఆటకే పిలుస్తాం. మాత్రకీ గోళ్ళు కత్తిరించడానికీ నేనే దాని దగ్గరికి వెళ్తాను.

గుండు ఈ వారం ఆ తిండి డబ్బా మూత పళ్ళతో లేపడం నేర్చుకుంది. నాలుగు పక్కలా క్లిప్పులు పడే గాజు డబ్బా తెచ్చి పెట్టాను. నిన్నంతా దాని చుట్టూ తిరిగి, సాయంత్రానికి ఒక క్లిప్పు ఊడదీసింది.