ఆడ డిటెక్టివ్ నవలలో నమ్మకద్రోహం నడపడం ఎలా?

ముందు ద్రోహిని ఖాయం చేసుకోండి, డిటెక్టివ్‌ని తర్వాత. 25 అధ్యాయాల నవలైతే ఆ మనిషి మొదటి ఐదింట్లోనే రావాలి. కనీసం రెండుసార్లు, తనకు నష్టమైనా, ఆమెకు నిజంగా సాయపడాలి. ఉత్త తీపి మాటలతో సరిపెడితే పాఠకుడు ఇట్టే పసిగట్టేస్తాడు.

ఆధారాలు మూడు చాలు. ప్రతిదానికీ అమాయకమైన కారణం పక్కనే ఉండాలి. పెళ్లి సంబంధం ఎంక్వైరీ తీసుకోండి. వరుడి ఆఫీసు వేళలు అమ్మాయి మేనమామ అడక్కముందే చెప్పేస్తాడు. శ్రద్ధ కొద్దీ చెప్పాడనుకుంటుంది డిటెక్టివ్. నిజానికి ఏ వేళల్లో నిఘా పెట్టకూడదో ఆయనే నిర్ణయిస్తున్నాడు.

చట్టం కూడా కథకు పనికొస్తుంది. మన దేశంలో ప్రైవేటు డిటెక్టివ్‌కి పోలీసుల్లా అరెస్టు చేసే అధికారం లేదు. ఈ వృత్తిని నియంత్రించడానికి 2007లో రాజ్యసభలో పెట్టిన బిల్లు చట్టం కాలేదు. ఇతరుల కాల్ రికార్డులు దొడ్డిదారిన సంపాదించడం నేరం. పోలీసు స్నేహితుడు అవి తెచ్చిచ్చాడా, ఆమె జుట్టు అతని చేతికి చిక్కినట్టే. (సినిమాల్లో దీన్ని సరదాగా దాటేస్తారు.)

గుట్టు 17, 18 అధ్యాయాల మధ్య విప్పండి. చివర్లో విప్పితే ఆమె ఎదురుదెబ్బ తీయడానికి చోటుండదు. ద్రోహి చేత ఒప్పుకోలు ఉపన్యాసం ఇప్పించొద్దు. తన నిఘా డైరీలోని వేళలు, మేనమామ చెప్పిన వేళలు పక్కపక్కన పెట్టి ఆమే పట్టుకోవాలి.